యంత్రానికొక కేసు

తిరుపతి డివిజను బావుల స్థాన నిర్ధారణ విభాగానికి చెందిన పన్నెండు జీపీఎస్ యంత్రాలూ ఒక్క గీతైనా పడకుండా, ఒక్క మూలైనా నొక్కుకుపోకుండా, వచ్చిననాటి నిగనిగతో క్షేమంగా ఉన్నాయని ప్రజలందరికీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. బావుల క్షేమసమాచారం వేరుగా తెలియజేయబడుతుంది.

ఈ మాట చెప్పే అర్హత నాకుంది. ఆ విభాగంలో నేను సీనియర్ అసిస్టెంటుని. మా ఆఫీసు బస్టాండు వెనక వీధిలో ఒక లాడ్జి పై అంతస్తులో ఉంటుంది. కొండకు పోయే యాత్రికులు అప్పుడప్పుడు దారి తప్పి పైకి వచ్చి గది ఖాళీగా ఉందా అని అడుగుతారు. మేం వాళ్లను కూడా దరఖాస్తు రాసుకుని రమ్మంటాం. పద్ధతి అందరికీ ఒకటే.

యంత్రం సంగతి తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. అది అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను అడిగి, మనం భూమి మీద ఎక్కడ నిలబడి ఉన్నామో అక్షాంశ రేఖాంశాలతో సహా చెబుతుంది. తామెక్కడున్నారో తెలియకుండానే ముప్పయ్యేళ్లు సర్వీసు చేసి, దండలు వేయించుకుని రిటైరైన వాళ్లున్న శాఖ మాది. అటువంటి శాఖకు ఈ యంత్రం ఎంత అవసరమో మీరే ఊహించుకోవచ్చు.

అది 2003. వరసగా మూడేళ్లు వానలు లేవు. ఎవరికి వారు బోర్లు దించుకుంటూ పోతే భూమిలో చుక్క మిగలదని, పాత బోరుకు రెండువందల యాభై మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదని నిబంధన వచ్చింది. నిబంధన మంచిదే, ఇది వెటకారంగా అనడం లేదు. అయితే దూరం కొలవాలంటే ముందు ఉన్న బోర్లన్నీ ఎక్కడెక్కడున్నాయో తెలియాలి. అందుకే పన్నెండు యంత్రాలు రైల్లో రేణిగుంటకు వచ్చి దిగాయి. అక్కడి నుంచి వాటిని ఆటోలో ఎక్కించి, కుదుపులు తగలకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది నేనే.

పెట్టెతో పాటు పై ఆఫీసు నుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తరం కూడా వచ్చింది. అందులో ముఖ్యమైన వాక్యం ఒకటే. యంత్రాలు సున్నితమైనవి కాబట్టి ప్రతిదానికీ ఒక కేసు ఏర్పాటు చేసుకోవాలి, కేసు లేకుండా వాడకూడదు అని. అప్పుడు మా ఆఫీసులో అధికార భాషా వారోత్సవం జరుగుతోంది. మా అధికారి పరంధామయ్య గారు ఆ ఉత్తరాన్ని తెలుగు చేయమని నన్ను ఆదేశించారు. నేను ఇలా చేశాను: "ప్రతి యంత్రమునకు ఒక కేసు చొప్పున ఉండవలెను. కేసు లేని యంత్రమును వాడరాదు." ఇందులో వ్యాకరణ దోషం ఒక్కటి కూడా లేదని ఇప్పటికీ చెప్పగలను.

దోషం లేదు కాబట్టి ఆ కాగితం నేరుగా మా న్యాయ విభాగానికి వెళ్లింది. న్యాయ విభాగం అంటే జ్ఞానాంబ గారు, ఒక బీరువా. ఆమె ముప్పావుగంటలో కొత్త రిజిస్టరు తెరిచి, గీతలు కొట్టి, ఒకటి నుంచి పన్నెండు దాకా కేసు నంబర్లు వేశారు. ఒక్కో నంబరు కింద ఫిర్యాది, ముద్దాయి, నేరం, సాక్షులు అని గళ్లు. ఆ తర్వాత ఆమెకొక న్యాయమైన సందేహం వచ్చింది. కేసు యంత్రం మీద పెట్టాలా, యంత్రం తరఫున పెట్టాలా? యంత్రం మీద పెట్టాలంటే నేరమేమిటి? తరఫున పెట్టాలంటే ముద్దాయి ఎవరు? దీని మీద మాకూ చిత్తూరులోని పై ఆఫీసుకూ నాలుగు నెలలు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. న్యాయ సలహాదారు అభిప్రాయం కూడా తెప్పించాం. నేరం జరగకముందే కేసు పెట్టడం కొంచెం కష్టమని, జరిగాక కబురు చేయమని ఆయన రాశారు.

ఐదో నెలలో పై ఆఫీసు నుంచి ఎవరో ఫోను చేసి, కేసంటే సంచి అయ్యా అని చెప్పారు. మాకు సంగతి అర్థమైంది. అయితే తెరిచిన రిజిస్టరును మూసే పద్ధతి ప్రభుత్వంలో లేదు. పన్నెండు నంబర్లూ నిండటానికి సిద్ధంగా అలాగే ఉండిపోయాయి. ఈ రిజిస్టరును మీరు కొంచెం గుర్తుపెట్టుకోవాలి.

ఇక సంచుల కోసం ముగ్గురు సభ్యులతో సంఘం వేశారు. సంఘం తిరుపతిలో బంగారు అంగళ్లు చూసింది, నగల పెట్టెలు చూసింది, నాదస్వరం వాళ్ల పెట్టెలు కూడా చూసింది. చివరికి రేణిగుంట రోడ్డులో లారీలకు, ఆటోలకు సీటు కవర్లు కుట్టే చిన్నబ్బకు పని అప్పగించారు. పైన మెరూన్ రంగు రెగ్జిను, లోపల మఖమలు గుడ్డ, రెండు జిప్పులు, చిన్న తాళం, తెర కనిపించే చోట మందపాటి ప్లాస్టిక్ కిటికీ. కొలతలు తీసుకుంటూ చిన్నబ్బ ఒక మాట అడిగాడు.

"బటన్ల కాడ బొక్కలు పెట్టాల్నా సార్?"

బొక్కలు పెడితే దుమ్ము పోతుందని పరంధామయ్య గారు అన్నారు. మరి నొక్కేదెట్లని చిన్నబ్బ అడిగితే, నొక్కితే బటన్లు అరుగుతాయి కదా అన్నారు. చిన్నబ్బ ఇరవయ్యేళ్లుగా కవర్లు కుడుతున్నవాడు. వాడికి మనిషి మనసు తెలుసు.

"అట్లయితే సరే సార్. నా కాడికొచ్చే లారీ ఓనర్లు గూడా అంతే. కవరు సిరిగితే కొత్త కవరు ఏయిస్తారే గానీ, సీటు ఏ రంగో సూసినోడు ఒకడూ లేడు" అన్నాడు.

ఇప్పుడు ఈ కథకు ప్రాణంలాంటి వస్తువు గురించి చెప్పాలి. యంత్రం తెర మీద ఫ్యాక్టరీ వాళ్లే ఒక పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి పంపారు. కొన్నవాళ్లు దాన్ని ఊడదీసి పారేయాలి. అంగడిలో పెట్టినప్పుడు చూడటానికి బాగుంటుందని ఆ పొర మీద నమూనాగా ఒక బొమ్మ అచ్చువేశారు. చిన్న పటం ముక్క, ఒక నల్ల బాణం, పైన నాలుగు ఉపగ్రహాలు, కింద రెండు వరసల అంకెలు. అది బొమ్మ అని మాకు తెలియదు. మేం దాన్నే యంత్రం చూపిస్తున్న వివరం అనుకున్నాం. పొరను ఊడదీయాలన్న ఆలోచన మాలో ఎవరికీ కలలో కూడా రాలేదు.

దీన్ని అజ్ఞానం అనకండి, మన సంస్కృతి. కొత్త స్కూటరు సీటు మీది ప్లాస్టిక్ కవరు ఎండకు పగిలి, వానకు నాని, పీలికలై దానంతటది గాలికి ఎగిరిపోవాలే గానీ మనం తీయం. టీవీ రిమోటును పాల కవరులో పెట్టి రబ్బరు బ్యాండు వేస్తాం. ఫ్రిజ్జుకు చొక్కా తొడిగి, దాని పిడికి చేతిగుడ్డ కడతాం. సోఫా మీద కవరు, కవరు మీద దుప్పటి, దుప్పటి మీద చాప వేసి, వచ్చిన బంధువును కుర్చీలో కూర్చోబెడతాం. పరంధామయ్య గారి జీపు సీటు మీద కంపెనీ ప్లాస్టిక్, దాని మీద చిన్నబ్బ కుట్టిన కవరు, దాని మీద తెల్ల టవలు ఉంటాయి. ఆరేళ్లుగా ఆ జీపులో తిరుగుతున్నా ఆయనకూ ఆ సీటుకూ ముఖపరిచయం లేదు.

అందుచేత పొర తీయరాదని, తీసినవారు ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినట్లుగా భావించబడుతుందని సర్క్యులరు వెలువడింది. దాన్ని రాసింది కూడా నేనే. తర్వాత బ్యాటరీల సంగతి వచ్చింది. లోపలే ఉంచితే కారి యంత్రం చెడిపోతుందని వాటినన్నిటినీ తీసి, వేరే కేసు కుట్టించి, బీరువాలో భద్రపరిచాం. బ్యాటరీలు తీసేసినా యంత్రాలు అంకెలు చూపిస్తూనే ఉన్నాయి. దీని గురించి పరంధామయ్య గారు సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగం నాకింకా గుర్తుంది.

"విదేశీ పరిజ్ఞానమంటే ఏమిటో మీరంతా కళ్లారా చూడండి. బ్యాటరీ అక్కరలేదు, బటను నొక్కే పని లేదు, పగలూ రాత్రీ తేడా లేదు. మనమంతా ఈ యంత్రాన్ని చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది."

మేమంతా చప్పట్లు కొట్టాం. నిజానికి శక్తి లేకుండా, ఎవరూ ముట్టుకోకుండా, ఎప్పుడూ ఒకే ముఖం పెట్టుకుని పనిచేస్తున్నట్లు కనిపించడం మాకు కొత్త కాదు. అయినా వినయంగా విన్నాం.

సర్వే మొదలైంది. చేసినవాడు గురప్ప, మా సర్వేయరు. బస్సుల్లోనూ సైకిలు మీదా ఆరు నెలలు ఊళ్లు తిరిగాడు. ప్రతి బోరు దగ్గరా తాళం వేసిన కేసును ముందు పెట్టుకుని, ప్లాస్టిక్ కిటికీలోంచి తొంగిచూసి, అంకెలు పుస్తకంలో రాసుకున్నాడు. మూడో ఊరికే వాడికి అనుమానం తగిలింది. ఆఫీసుకు వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డాడు.

"ఎగవకండ్రిగలో ఇదే నంబరు, దిగవకండ్రిగలో ఇదే నంబరు. నేను యాడికి పోతే ఆడికి నాతోనే వస్తా ఉండాది సార్ ఇది" అన్నాడు.

యంత్రం ఏం చూపిస్తే అది రాయడమే నీ పని అని నేను వాడికి చెప్పాను. వాడు రాశాడు. వెయ్యిన్నూట నలభై ఆరు బోర్లు. అన్నీ ఉత్తరం ఇరవై అయిదు డిగ్రీల నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు, తూర్పు నూట ఇరవై ఒక్క డిగ్రీల ముప్పై తొమ్మిది నిమిషాల ముప్పై సెకన్లు. ఆగస్టు పదిహేనున జెండా వందనం తర్వాత పరంధామయ్య గారు మళ్లీ మాట్లాడారు. ఇన్ని బావులు కొలిస్తే ఒక్క అంకె తేడా రాలేదంటే, మానవమాత్రుడి చేతి కొలతలో ఇంత కచ్చితత్వం సాధ్యమా అని ప్రశ్నించారు. గురప్పకు ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని ముందే లామినేషన్ చేయించారు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి మా అమ్మాయి స్కూలు అట్లాసు తీశాను. ఆ అంకెలున్న చోటును వేలితో వెతుక్కుంటూ పోతే, చైనా దాటాక సముద్రం మధ్యలో ఒక దీవి తగిలింది. మా డివిజనులోని బోర్లన్నీ, రేణిగుంట నుంచి కొండకింద పల్లెల దాకా, అక్కడ ఒకే గుంటలో ఉన్నాయన్నమాట. నాకు నవ్వు రాలేదు, భయం వేసింది. అట్లాసు మూసేశాను. దాని ఖాకీ అట్ట నలగలేదు కదా అని ఒకసారి చూసుకుని పుస్తకాల సంచిలో పెట్టేశాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అంకెలన్నిటినీ కంప్యూటరుకు ఎక్కించారు. కొత్త బోరుకు ఎవరు దరఖాస్తు పెట్టుకున్నా, గురప్ప పోయి ఆ స్థలం అంకెలు రాసుకొస్తాడు, కంప్యూటరు దగ్గరలోని పాత బోరుకు దూరం లెక్కగడుతుంది. ఎవరికి కట్టినా సున్నా మీటర్లే. సున్నా అంటే రెండువందల యాభై కంటే తక్కువ. అందువల్ల ఆ సంవత్సరం మా డివిజనులో ఒక్క కొత్త బోరుకు కూడా అనుమతి ఇవ్వలేదు. భూగర్భ జలాల పరిరక్షణలో మేమే మొదటి స్థానంలో ఉన్నామని పై ఆఫీసు మెచ్చుకుంది. పలుకుబడి ఉన్నవాళ్లు అనుమతి అడగరు కాబట్టి వాళ్లకు తిరస్కరణ కూడా పోలేదు. వాళ్ల పొలాల్లో రిగ్గులు యథాప్రకారం తిరుగుతూనే ఉన్నాయి.

ఎగవకండ్రిగ మునెమ్మ మాత్రం అనుమతి అడిగింది. రిగ్గు ఓనరు ఆమెకు కాగితం లేకుండా బోరు వేయనన్నాడు. కొందరికి మాట చాలు, కొందరికి కాగితం కావాలి. ఆమెకు ఎకరా ముప్పావు మెట్ట ఉంది. మొగుడు పోయాక, వేరుశనగ ఇక పండదని తెలుసుకుని, అరవై తోతాపురి మామిడి మొక్కలు నాటింది. అవి మూడేళ్లవి. ఇంకో రెండేళ్లు నీళ్లు పోస్తే చాలు, తర్వాత వాటి బతుకు అవే బతుకుతాయి. ఈలోగా పాత బోరు ఎండిపోయింది. రోడ్డు పక్క కొళాయి నుంచి బిందెలతో మోసి మొక్కకొక చెంబు పోస్తూ, కొత్త బోరుకు దరఖాస్తు పెట్టుకుంది.

ఆమెకు జవాబు రాసింది నేనే. "మీరు ప్రతిపాదించిన స్థలమునకును, సమీపములోని ప్రస్తుత బోరునకును మధ్య దూరము సున్నా మీటర్లు అయినందున మీ అభ్యర్థన తిరస్కరించడమైనది." వారం తిరక్కుండానే ఆ కాగితం పట్టుకుని లాడ్జి మెట్లెక్కి వచ్చింది. అందులో ఏముందో చదివి చెప్పమంది. చదివి చెప్పాను. ఆమె ఆ కాగితాన్ని నా బల్ల మీద పెట్టింది.

"సున్నా మీటర్లంటే నేను బోర్లోనే నిలబడుకోని ఉండానా సామీ? యాడుండాదో ఆ బోరు సూపించు. నాలుగు బిందెలు ముంచుకోని పోతాను."

ఇది ఉపగ్రహాలు చెప్పిన లెక్క అని, పైనుంచి చూస్తే మనకు కనపడనివి కూడా వాటికి కనపడతాయని ఆమెకు వివరించాను. అట్లాసు లెక్కన చూసినా ఆమె చేను చుట్టూ సముద్రమే కదా, నీటికి కొరత ఏమిటని లోపల అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతోంది. ఆమె ఇంకో దరఖాస్తు రాయించుకుని ఇచ్చి వెళ్లింది. తర్వాత ఇంకోటి. వచ్చిన ప్రతిసారీ ఎన్ని మొక్కలు మిగిలాయో చెప్పేది. మేం అడగకపోయినా చెప్పేది. యాభై రెండు. నలభై ఆరు. నలభై. దాన్ని నేను ఫైలులో రాయలేదు, ఫైలులో దానికి గడి లేదు.

ఏడో దరఖాస్తుకు పునఃపరిశీలన ఇవ్వాలని నియమం. మాఘం చివర్లో ఒక ఉదయం పరంధామయ్య గారు, గురప్ప, నేను జీపులో ఎగవకండ్రిగకు బయలుదేరాం. యంత్రం కేసులో, కేసు నా ఒళ్లో. చేనికి పోయేసరికి మునెమ్మ మొక్కల మధ్య ఉంది. ముప్పై ఒకటి మిగిలాయి. ఒక్కోదానికి ఎండ తగలకుండా కొబ్బరి మట్టలు గుచ్చి, మొదట్లో తడి ఆరకుండా కసువు కప్పింది. మిగతా ఇరవై తొమ్మిది గుంటల్లో ఎండు పుల్లలు నిలబడి ఉన్నాయి. ఆమె వాటిని పీకలేదు.

పునఃపరిశీలనలో యంత్రాన్ని కేసు నుంచి బయటకు తీయాలి. బ్యాటరీలు తీశాక అదే మొదటిసారి. తాళం తీశాం, రెండు జిప్పులూ లాగాం, మఖమలు గుడ్డ విప్పాం. పరంధామయ్య గారు యంత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని మునెమ్మ ముందుకు చాచారు.

"చూడమ్మా. మనుషులు పక్షపాతం చూపిస్తారు, యంత్రం చూపించదు. నీకైనా నాకైనా ఇది చెప్పేది ఒకటే మాట."

ఆ ప్రసంగంలో ప్రతి అక్షరం నిజం. మునెమ్మ రెండో తరగతిలోనే బడి మానేసింది, అంకెలూ సంతకమూ మాత్రం వచ్చు. చేతులు కొంగుకు తుడుచుకుని, వంగి, శ్రద్ధగా చూసింది. ఎండలో తెర మీద ఒక మూల చిన్న గాలిబుడగ మెరిసింది. పొర అంచు అక్కడ వెంట్రుకవాసి పైకి లేచి ఉంది.

"ఇదేంది సామీ, పైన కాయితం తీయనే లేదే" అంటూ ఆమె గోరు పెట్టి లాగేసింది.

కొత్త గాజుల పెట్టె మీది కాగితం తీసినంత తేలిగ్గా వచ్చేసింది. పటం, బాణం, నాలుగు ఉపగ్రహాలు, వెయ్యిన్నూట నలభై ఆరు బోర్లు ఆమె చూపుడువేలికి అంటుకుని వేలాడాయి. కింద నల్లటి ఖాళీ తెర. అందులో ముందుగా కనిపించింది పరంధామయ్య గారి ముఖమే. యంత్రం చచ్చిపోయిందా అని మునెమ్మ భయపడింది. బ్యాటరీలు తిరుపతిలో బీరువాలో ఉన్నాయని గురప్ప మెల్లగా చెప్పాడు. అయితే అంతేనా అని ఆమె ఇంట్లోకి పోయి, చిన్న రేడియోలోని రెండు పెన్సిలు సెల్లులు తీసుకొచ్చి గురప్ప చేతిలో పెట్టింది.

గురప్ప మా వైపు చూడలేదు. మూత తీసి సెల్లులు వేశాడు, బటను నొక్కాడు. యంత్రం కూత పెట్టింది. రెండేళ్లుగా మా దగ్గరున్నా దానికొక గొంతు ఉందని మాకు అప్పుడే తెలిసింది. నాలుగైదు నిమిషాలు ఆకాశాన్ని వెతుక్కుని, ఉత్తరం పదమూడు డిగ్రీలు, తూర్పు డెబ్బై తొమ్మిది డిగ్రీలు అని మొదలుపెట్టి మేం నిలబడ్డ చోటును ఉన్నదున్నట్లు చెప్పింది. గురప్ప ఆ అంకెలు రాసుకుని, యంత్రం పట్టుకుని గట్టు దాటి, అందరికంటే దగ్గరలో ఉన్న పక్క చేను బోరు దాకా నడిచిపోయాడు. ఇంచుమించు పరుగెత్తుతూ తిరిగొచ్చి దూరం లెక్కగట్టాడు.

"నాన్నూట పన్నెండు మీటర్లు సార్."

మునెమ్మ నా వైపు చూసింది. నాన్నూట పన్నెండు రెండువందల యాభై కంటే ఎక్కువని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. పద్ధతి ప్రకారం తెచ్చిన అనుమతి పత్రం నా సంచిలో సిద్ధంగా ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. నేను దాన్ని సగం బయటకు తీశాను కూడా. ఆ ఒక్క నిమిషం నా సర్వీసు మొత్తంలో నేను సంతోషంగా ఉన్న నిమిషం అని దాచకుండా చెబుతున్నాను.

పరంధామయ్య గారు కళ్లజోడు తుడుచుకున్నారు. అందరికంటే ముందు ఆయనకు జరిగిన సంగతి అర్థమైంది. ఈ ఒక్క బోరు నిజమైతే ఆ వెయ్యిన్నూట నలభై ఆరు ఏం కావాలి? జెండా కింద ఇచ్చిన ప్రశంసాపత్రం ఏం కావాలి? మొదటి స్థానం ఏం కావాలి? ఆయన గొంతు సవరించుకున్నారు.

"రక్షణ పొర లేని యంత్రం ఇచ్చిన కొలత చెల్లదు. పైగా ఆ బ్యాటరీలు ప్రైవేటువి. ప్రైవేటు బ్యాటరీలతో ప్రభుత్వ యంత్రం నిజమే చెప్పినా, అది ప్రభుత్వ నిజం కాదు."

గురప్ప సెల్లులు తీసి మునెమ్మకు తిరిగిచ్చాడు. ఆమె వేలికి అంటుకున్న పొరను జాగ్రత్తగా తీసి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ తెర మీద అంటించాం. ఒక ముడత మాత్రం పోలేదు, దాని మీద టేపు వేశాం. యంత్రం వెంటనే మామూలు అంకెలు చూపించింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. పంచనామా రాయమని నాకు ఆదేశమైంది. జీపు బానెట్టు మీద కాగితం పెట్టుకుని, మునెమ్మ అనునామె ఉద్దేశపూర్వకముగా తన కుడిచేతి చూపుడువేలి గోటితో ప్రభుత్వ ఆస్తికి నష్టము కలిగించినదని నా మంచి దస్తూరీతో రాశాను. రాస్తుంటే ఆమె పక్కన వచ్చి నిలబడింది.

"బోరు కాయితమేనా సారూ?"

సంతకం చెయ్యి మునెమ్మా అన్నాను. చేసింది. నా పెన్ను తిరిగిస్తూ, రెండు మునక్కాయలు ఉండాయి తీసుకుపోండి అంది. పరంధామయ్య గారు తీసుకున్నారు.

ఆఫీసుకు పోయాక జ్ఞానాంబ గారు రెండేళ్ల కిందటి రిజిస్టరు తీసి దుమ్ము దులిపారు. కేసు నంబరు ఒకటి. ఫిర్యాది ప్రభుత్వం. ముద్దాయి మునెమ్మ. నేరం గోరు. సాక్షులు గురప్ప, నేను. ఇంతకాలం ఖాళీగా ఉన్న గళ్లన్నీ నిండటం చూసి ఆమె కళ్లలో మెరుపు వచ్చింది. ప్రతి యంత్రమునకు ఒక కేసు చొప్పున ఉండవలెనని నేను చేసిన అనువాదం మొదట్నుంచీ సరైనదేనని మా ఆఫీసు మొత్తం ఒప్పుకుంది. మునెమ్మ అనుమతి ఫైలును కేసు తేలేదాకా పక్కన పెట్టారు.

విచారణకు చిత్తూరు నుంచి మా పై అధికారి ఒకరు వచ్చారు. గురప్పను ఆ వారం గూడూరు వైపు డెప్యుటేషన్ మీద పంపించారు, అందువల్ల సాక్షిని నేనొక్కడినే. మునెమ్మ తలుపు దగ్గర నిలబడింది. పొర ఊడిన తర్వాత యంత్రం ఏం చూపించిందని ఆయన అడిగారు. ఎండ తెర మీద పడి సరిగా కనపడలేదని చెప్పాను. ఆయన రాసుకున్నారు. మునెమ్మ గొంతు పెంచలేదు.

"నువ్వు గూడా సూసినావు గదా సారూ. నా పక్కనే నిలబడుకోని ఉండావు."

నేను రిజిస్టరు వైపు చూశాను. దానికి జ్ఞానాంబ గారు ఈమధ్యే కొత్తగా ఖాకీ అట్ట వేశారు. విచారణ వాయిదా పడింది. ఆ వేసవి పోయేసరికి ఎగవకండ్రిగలో మొక్కలు నాలుగు మిగిలాయని గురప్ప చెప్పాడు. మునెమ్మ ఇప్పుడు రేణిగుంటలో ఒక గోదాములో పనికి పోతోంది. కొత్త సామాన్లు గీతలు పడకుండా వాటికి ప్లాస్టిక్ పొరలు చుట్టే పని అట.

కాబట్టి ప్రజలకు తెలియజేయడమేమనగా, యంత్రాలు పన్నెండూ క్షేమం. ఒక్కదాని మీద టేపు ఉంది, అంతే. కేసుల రిజిస్టరులో మొదటి నంబరు నిండింది. రెండు నుంచి పన్నెండు దాకా పదకొండు నంబర్లు ఇంకా ఖాళీగా ఉన్నాయి. వాటిలో పేరు ఎక్కడానికి కావలసిన అర్హత ఒక గోరు మాత్రమే. మా డివిజనులో జనాభా లక్షల్లో ఉంది, తలకు పది చొప్పున గోళ్లకు లోటు లేదు. నా పదీ కలుపుకునే చెబుతున్నాను. ఏడాది దాటింది, ఇంతవరకు ఎవరూ రాలేదు.